దారికి అడ్డం నిలబడిన అడవిదున్న

ఇప్పలకోన అనే అడవిలో ఎలుగులు, దుప్పులు, కొండముచ్చులు, అడవిదున్నలు బతికేవి. కోన చివర తుట్టెలబండ అనే నిటారు కొండ ఉంది. దాని కొసన తేనెపట్టులు వేలాడేవి. అక్కడికి మంచి దారి ఒక్కటే. అదీ రెండు రాళ్ళ మధ్య ఇరుకు సందు.

కాటయ్య అనే ముసలి అడవిదున్న ఆ సందు దగ్గరే మేసేవాడు. బొచ్చయ్య అనే కుర్ర ఎలుగంటే అతనికి ప్రాణం. తల్లి ఎలుగు ఆ కొండ మీంచే జారిపడి చనిపోతే, పిల్లను సాకింది కాటయ్యే.

చైత్రంలో ఇప్పపూలు రాలాయి. అప్పుడే రాలిన పువ్వు సంగతి వేరు, గుంటనీళ్ళలో రెండు రోజులు నానిన పువ్వు సంగతి వేరు. మొదటిది ఆకలి తీరుస్తుంది, రెండోది తల తిప్పుతుంది. ఈ తేడా ఎలుగులకు తెలుసు. తెలిసే తింటాయి. బొచ్చయ్య ఒక ఉదయం నానిన పూలు కడుపునిండా తిని, తూలుతూ కొండకు బయలుదేరాడు.

కాటయ్య సందులో అడ్డం నిలబడ్డాడు. బొచ్చయ్య తిట్టాడు, నెట్టాడు, ఏడ్చాడు, చివరికి అక్కడే పడి నిద్రపోయాడు. మర్నాడు లేచి సిగ్గుపడుతూ, "బతికించావు మామా" అన్నాడు.

అడవంతా కాటయ్యను మెచ్చుకుంది. పొగడ్త కూడా నానిన పువ్వులాంటిదే.

మూడోనాడు బొచ్చయ్య పరగడుపున, గోళ్ళు రాతికి నూరుకుని వచ్చాడు. కాటయ్య మళ్ళీ అడ్డం నిలబడ్డాడు.

"మొన్న నాకు ఒళ్ళు తెలియలేదు మామా. ఇవాళ తెలుసు. ఏ రాయి నిలుస్తుందో, ఏది జారుతుందో అమ్మ చూపించింది."

"చూపించిన మీ అమ్మే పడింది. దుంపలు తవ్వుకు తిను, చాలు."

"కొండెక్కని ఎలుగు ఎలుగేనా మామా?"

చెట్టు మీది కొండముచ్చు నవ్వింది. "కాటయ్యా, వాడికి రెండు కొమ్ములు కూడా తగిలించు. ఇద్దరూ కలిసి గడ్డి మేయొచ్చు."

కాటయ్య కదల్లేదు. వాడి మంచి తనకే తెలుసనుకున్నాడు. బొచ్చయ్య కొండ వెనక్కి పోయి, ఎన్నడూ ఎక్కని వైపు నుంచి ఎక్కాడు. అక్కడంతా గులకరాయి. సగం దూరంలో జారి పడ్డాడు. ముందుకాలు విరిగింది.

అప్పటి నుంచి వానాకాలమంతా బొచ్చయ్య వాగు ఒడ్డున కుంటుతూ తిరిగాడు. కాటయ్య ఎదురైతే తల తిప్పుకుని పోయేవాడు. కాపాడబోయి, ఉన్న ఒక్కగానొక్క మంచి దారినీ తానే మూశానని కాటయ్యకు అప్పుడు తెలిసింది.

వానలు తగ్గాయి, కాలు అతికింది. ఒకనాటి పొద్దున బొచ్చయ్య సందు దగ్గరికి వచ్చి, దూరంగా ఆగాడు. కాటయ్య వాడి కళ్ళలోకి చూశాడు. మత్తు లేదు. నడక చూశాడు. తడబాటు లేదు.

"నిన్నటి వానకు పైదారిలో ఎడమ పక్క మూడో రాయి కదిలింది. నేను కళ్ళారా చూశాను" అన్నాడు.

బొచ్చయ్య తలెత్తి ఆ రాయిని చూశాడు. "అయితే కుడి పక్క నుంచి పోతాను మామా."

కాటయ్య పక్కకు జరిగాడు. జరగడానికి అతనికి చాలా బలం కావలసి వచ్చింది. ఆ పూట మేత ముట్టలేదు. బొచ్చయ్య మూతినిండా తేనెతో దిగివచ్చేదాకా, ఎత్తిన తల దించలేదు.

నీతి: ఒళ్ళు తెలియనివాణ్ణి, అపాయం ఎరగనివాణ్ణి ఆపడం ప్రేమ, అన్నీ తెలిసి అడుగు వేసేవాడికి ఉన్నమాట చెప్పి దారి వదలాలి, అలా కాక అడ్డుపడితే అది పెత్తనం.