కొమ్ములకు రంగేసిన కొత్త మోడల్

వాగు పక్కన పల్లంలో అడవిపంది వరహాలయ్య కాపురం. ఏటా వానాకాలం వాగు పొంగితే ఆ పల్లం మునిగి తీరుతుంది. అప్పుడాయన పాత వెడల్పు బండిలో పెళ్ళాం నాంచారమ్మనీ, ఏడుగురు పిల్లల్నీ ఎక్కించుకుని గుట్ట మీదికి పోతాడు. లాగేది ఎద్దు గంగులు. ఆ బండి చూడ్డానికి ఏమంత బాగుండదు. ప్రాణాలు కాపాడే వస్తువులు చాలామటుకు అంతే లెండి.

అదే పల్లంలో నక్క సుందర్రావు బండ్ల దుకాణం పెట్టాడు. తొలకరి ముందు వరహాలయ్యని పిలిచి, ఓ బండి మీద కప్పిన గుడ్డ లాగాడు. ఎర్రటి బండి. రెండే తలుపులు. పొట్ట నేలకి ఆనుతోంది.

"పోయినేడాదీ రెండు తలుపులేగా, కొత్తేముంది?" అన్నాడు వరహాలయ్య.

"అంత మాటంటారా బావగారూ? పక్కన తెల్ల గీతలు చూడండి."

"గీతలుంటే జోరుగా పోతుందా?"

"పోతున్నట్టు కనిపిస్తుంది. కప్పు కూడా జానెడు దించాం. లోపల తల వంచుకు కూర్చోవాలి, చూసినవాళ్ళు వినయం అనుకుంటారు."

"మరి వెనక సీటు లేదా?"

"ఎందుకు లేదూ. కూర్చోడానికి కాదు, ఉందని చెప్పుకోడానికి."

వరహాలయ్య బండి చుట్టూ తిరిగాడు. ఆ ఎర్రరంగులో తన మొహం కనబడింది. బురద మడుగులో తప్ప మొహం చూసుకున్న పాపాన పోనివాడు, అక్కడికక్కడే మోజులో పడిపోయాడు.

"మీ పాత బండీ ఎద్దూ ఇచ్చేసి ఇది తోలుకుపోండి," అన్నాడు సుందర్రావు.

"దీన్ని లాగేదెవరు?"

"కొత్త ఇంజను బిగించే ఇస్తానండీ. సాయంత్రం రండి."

సాయంత్రానికి ఎర్రబండికి ఓ ఎద్దు కట్టి ఉంది. కొమ్ములకి రంగు, మెడలో కొత్త గంటలు.

"అయ్యగారూ, నేనేనండీ, గంగుల్ని," అన్నాడు ఎద్దు.

వరహాలయ్య మురిసిపోయాడు. "గొంతు అచ్చం మావాడిదే. కానీ ఈ దర్జా వాడికెక్కడిది?"

గంగులు ఇంటిదారి పట్టాడు. యజమానులతో వాదించి బాగుపడ్డ ఎద్దుని అతనింతవరకు చూడలేదు.

ఇంటి ముందు నాంచారమ్మ బండికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. బండి కదిలింది. ఒక కాయ చితికింది. రెండోది దొర్లిపోయి బండి పొట్ట కింద ఇరుక్కుంది. గంగులు ఎంత లాగినా బండి కదల్లేదు.

"ఏవండీ, నిమ్మకాయ దాటలేని బండి గుట్టెక్కుతుందా? పిల్లలెక్కడ కూర్చుంటారు?" అంది నాంచారమ్మ.

"స్పోర్టీ అంటే నీకు తెలీదులేవే," అన్నాడు వరహాలయ్య, ముట్టెతో ఆ కాయని తవ్వి తీస్తూ.

వారం తిరక్కుండానే వాగు పొంగింది. వెనక సీట్లో ఒక పిల్ల ఇరుక్కుంది. తక్కిన ఆరుగురూ నీళ్ళలో నిలబడి ఏడుస్తున్నారు. బండేమో బురదలో కూరుకుపోయింది.

"నా పిల్లల్ని నా చేతులారా ముంచేశానే," అని భోరుమన్నాడు వరహాలయ్య.

నాంచారమ్మ పిల్లని బయటికి లాగి, గంగుల్ని విప్పి, అందర్నీ సుందర్రావు దుకాణానికి నడిపించింది.

అక్కడ ఎర్రబండ్లు వరసగా ఉన్నాయి. సుందర్రావు మాత్రం మూటాముల్లెతో వరహాలయ్య పాత బండెక్కి కూర్చున్నాడు. లాగే ఎద్దుని కూడా అమ్మేసిన సంగతి ఆయనకి అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

"సమయానికొచ్చావు చెల్లెమ్మా. ఎద్దుని ఇలా కట్టు," అన్నాడు.

"ఎద్దెక్కడిది అన్నయ్యా, ఇది కొత్త ఇంజను కదా. పాత బండికేం పనికొస్తుంది? మీరు ఎర్రబండెక్కండి, కట్టేస్తాను."

"అదెక్కితే చస్తాం చెల్లెమ్మా," అనేశాడు నక్క.

అన్నాక నాలిక్కరుచుకున్నాడు. వరహాలయ్య తల దించుకున్నాడు, ఈసారి కప్పు వల్ల కాదు.

"అయితే మా బండి దిగండి," అంది నాంచారమ్మ.

నీళ్ళు చక్రాల సగానికొచ్చాయి. సుందర్రావు దిగాడు. పిల్లలందరూ ఎక్కారు, గంగుల్ని కట్టారు. నక్క నీళ్ళలో వణుకుతుంటే చివరికి ఆవిడే జాలిపడి, "మీకూ వెనక సీటుంది, చెక్క పట్టుకుని రండి. కూర్చోడానికి కాదు, ఉందని చెప్పుకోడానికి," అంది.

గుట్టెక్కి చూస్తే, దుకాణంలోని ఎర్రబండ్లన్నీ వాగులో కొట్టుకుపోతున్నాయి.

"జోరు మాత్రం అబద్ధం కాదండీ," అన్నాడు గంగులు.

నీతి: బండి కొనేటప్పుడు దాని గీతలు కాదు, వరదొస్తే అమ్మేవాడు ఏ బండెక్కుతాడో చూడాలి.