దగ్గు మాన్పిన మేడ

సిరిగుట్ట రాజు చిక్కభూపతికి ఉన్నట్టుండి ఒక పంతం పుట్టింది. వచ్చే దసరా ఊరేగింపులో ఒక్క దగ్గు కూడా వినపడకూడదు!

"పోయినేడు నా ఏనుగు మేదరవాడ మలుపు తిరగ్గానే సన్నాయి వినపడటం మానేసింది. వాడంతా ఒకటే ఖళ్ళు ఖళ్ళు! అంబారీ ముందు దగ్గులమేళం పెట్టించినట్టుంది. ఏం నృసింహభట్టుగారూ, మీచేత మందు పంచిపెట్టించాం కదా, ఏమైంది?"

ఆస్థాన వైద్యుడు నృసింహభట్టు ఉత్తరీయం సవరించుకున్నాడు.

"మందు అమృతం, ప్రభూ. ఆ బుట్టలల్లేవాళ్ళే పథ్యం చెయ్యలేదు. పథ్యం చెయ్యనివాడికి ధన్వంతరి దిగొచ్చినా దగ్గు తగ్గదు."

"అలాగా! అయితే దసరాకి ఎవరు దగ్గినా, వాడ మొత్తాన్ని పొలిమేర దాటించండి."

ఆ మాటకి విదూషకుడు ఓబన్న నోట్లో తాంబూలం చేదెక్కింది. అతనింట్లో చేట, జల్లెడ, పిల్లల ఊయల, అన్నీ ఆ వాడలో అల్లినవే. అల్లినవాళ్ళు అడవిపాలు కావడమా?

పథ్యం సంగతి ఓబన్నకి తెలిసినంతగా ఊళ్ళో ఎవరికీ తెలియదు. పొట్ట తగ్గాలని భార్య అతనికి చప్పిడికూడు పెడుతోంది. అతను పశువులపాకలో ఆవకాయ జాడీ దాచుకుని, ఆవుకి కుడితి పెట్టే నెపంతో పూటపూటా వెళ్ళొస్తున్నాడు. కుడితి సంగతి మరిచిపోవడంతో ఆవు చిక్కింది గానీ, ఓబన్న చిక్కలేదు.

"ప్రభూ, పథ్యం తప్పడంలో నన్ను మించినవాడు లేడు. మా పశువులపాకలో దాచిన ఆవకాయ జాడీయే సాక్షి. దొంగ దారులు దొంగకే తెలుస్తాయి. వాళ్ళచేత పథ్యం నేను చేయిస్తాను."

"దగ్గు వినపడితే?"

"వాళ్ళ వెనకాలే నేనూ పొలిమేర దాటుతాను. మా ఆవిడ కూడా అడ్డుచెప్పదు." ఓబన్న వైద్యుడివైపు తిరిగాడు. "భట్టుగారూ, ఆ పథ్యమేదో నలుగురిలోనూ సెలవివ్వండి."

భట్టుగారు గొంతు సవరించుకున్నాడు. "పాత సన్నబియ్యం అన్నం, పెసరకట్టు, ఆవునెయ్యి. కాచి చల్లార్చిన మంచినీళ్ళు. చెమ్మ తగలని మేడగది, దూదిపరుపు. నెల్లాళ్ళు పని ముట్టకూడదు. మనసులో దిగులుండకూడదు."

"ఇందులో ఒకటి తక్కువైతే?"

"మందు విషమైపోతుంది!"

"విన్నారుగా ప్రభూ! మరి ఇవన్నీ నేనెక్కణ్ణుంచి తేను?"

"రాజ్యంలో ఎక్కడుంటే అక్కడ వాడుకో. అడ్డుచెప్పినవాడు మాకు శత్రువు," అని రాజు తన ముద్ర ఉంగరం తీసి ఇచ్చాడు. అందరికన్నా ముందు తలూపింది భట్టుగారే. మర్నాడే ఆయన పొరుగు జమీందారుగారి అజీర్తికి వైద్యం చెయ్యడానికి పల్లకి ఎక్కి వెళ్ళిపోయాడు.

ఓబన్న మేదరవాడకి వెళ్ళి మందుపొట్లాలు పంచి, పథ్యం వినిపించాడు. పెద్దదిక్కు గురవవ్వ దగ్గుతూనే నవ్వింది.

"పాత బియ్యమా సామీ? మేం కొత్త బియ్యమే చూసి ఎన్నాళ్ళయిందో! చెమ్మ తగలకూడదంటావా, వానొస్తే మా ఇళ్ళలో వాన బయటికన్నా లోపలే ఎక్కువ పడుద్ది."

"మరి మంచినీళ్ళు?"

"అదుగో గుంట. రాజుగారి ఏనుగులసాల కడిగిన నీళ్ళన్నీ అందులోకే. తాగుతుంటే అంబారీ ఎక్కినట్టే ఉంటది."

ఓబన్న గడ్డం గోక్కున్నాడు. చెమ్మలేని మేడగదులు, పాత బియ్యం, నెయ్యి, పరుపులు, అన్నీ ఒక్కచోట ఉన్న ఇల్లు ఊళ్ళో ఏదా అని ఆలోచించాడు. ఆట్టే ఆలోచించాల్సిన పని పడలేదు.

"పదవ్వా. అందర్నీ లేపు."

"యాడికి సామీ?"

"పథ్యానికి!"

నెల గడిచింది. జమీందారుగారి అజీర్తిని కుదిర్చి, కాస్త అంటించుకుని, భట్టుగారు ఇంటికొచ్చాడు. వాకిట్లో మేదర పిల్లలు గిల్లీదండా ఆడుతున్నారు. మేడమీద ఆయన పరుపులో గురవవ్వ బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"రాండి సామీ, రాండి! నెయ్యి నిండుకుంది. తక్కువైతే విషమని తమరే అన్నారంట గదా, కాస్త తెప్పించండి."

భట్టుగారు కాళ్ళయినా కడుక్కోకుండా సభకి పరుగెత్తాడు. వాడంతా వెనకాలే వచ్చింది.

"ప్రభూ, దోపిడీ! ఓబన్న నా ఇంటిని సత్రం చేశాడు!"

రాజు చెయ్యెత్తి ఆపాడు. చెవి రిక్కించి విన్నాడు. ఇంతమంది వచ్చారు, ఒక్క దగ్గూ లేదు!

"భట్టుగారూ, వీళ్ళు దగ్గడంలేదే!"

భట్టుగారి ముఖం క్షణంలో వికసించింది. ఇంటి సంగతి గాలికిపోయింది.

"దగ్గెలా ఉంటుంది ప్రభూ? వేసింది నా మందు!"

రాజు పొంగిపోయి చేతి కంకణం తియ్యబోయాడు. ఓబన్న నెమ్మదిగా అడిగాడు.

"అవ్వా, భట్టుగారి మందు ఎలా ఉంది? చేదా, తీపా?"

గురవవ్వ కొంగుముడి విప్పింది. కట్టిన దారం కట్టినట్టే ఉన్న పొట్లం! ఆమెను చూసి మిగతావాళ్ళూ విప్పారు. అన్నీ అంతే.

"ముట్టలేదు సామీ. బువ్వ కుదిరింది, నీళ్ళు కుదిరాయి, మేడ కుదిరింది. దిగులే పోలేదు. దగ్గితే పొలిమేర దాటిస్తానన్నారు గదా రాజుగారు? ఒకటి తక్కువైతే మందు విషమన్నారాయె. దిగులు పోయాక మింగుదామనుకున్నాం. ఈలోగా దగ్గే పోయింది!"

సభ గొల్లుమంది. రాజు కంకణం మళ్ళీ చేతికి తోసుకున్నాడు. ముందు సిగ్గుపడ్డాడు, తర్వాత నవ్వాడు.

"పొలిమేర మాట వెనక్కి తీసుకున్నాం, అవ్వా. అయితే ఓబన్నా, వీళ్ళ దగ్గు మాన్పిందేమిటి?"

"భట్టుగారి మేడ, ప్రభూ."

"ఊళ్ళో ఇలాంటి వాడలు ఇంకా ఉన్నాయే! అందరూ ఆయన మేడలో పడతారా?"

ఓబన్న చేతులు జోడించాడు.

"వాడలు మేడలో పట్టకపోతే, మేడలో ఉన్నవాటినే వాడలకి పంపండి!"

రాజు అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు. ఏనుగులసాల మురుగు మళ్ళించాలి, వాడవాడకీ మంచినీళ్ళ బావి తవ్వాలి, ఇళ్ళకి పెంకు వెయ్యాలి, కొట్లలోని పాత బియ్యం పంచాలి.

"పని పూర్తయ్యేదాకా వీళ్ళెక్కడ ఉండాలి?" అని మంత్రి అడిగాడు.

అందరి చూపూ భట్టుగారిమీదకి తిరిగింది.

"బావి నేనే దగ్గరుండి తవ్విస్తాను ప్రభూ!" అని ఆయన కేకపెట్టాడు. "గునపం ఎక్కడ?"

రాజు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, "ఓబన్నా, ఏం కావాలో కోరుకో!" అన్నాడు.

"మా ఆవిడ నాకు పెట్టిన పథ్యం రద్దు చేస్తూ ఒక్క ఆజ్ఞ, ప్రభూ."

రాజు నవ్వు ఠక్కున ఆగింది. అంతఃపురంవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"నా ఏలుబడి అంతదూరం సాగదోయ్. కంకణం తీసుకో. వంటసాల నుంచి రెండు జాడీల ఆవకాయ పంపిస్తాను, ఒకటి నీ పశువులపాకలో నా పేర దాచు!"