చీమలు చూపిన దిబ్బ

ఏటి నడుమ ఒక చిన్న లంక. దాన్నిండా కుందేళ్లు. ఏటా వరదొచ్చి వాటి బొరియల్ని ముంచేసేది. కిందటేడు పెద్ద కుందేలు బుల్లెమ్మ పిల్లలు ముగ్గురూ కొట్టుకుపోయారు. ఆ కబురు విని కొండ మీది ఏనుగులకి కడుపు తరుక్కుపోయింది.

మంద పెద్ద కొండయ్య ఏరు దాటి వచ్చాడు. "ఎత్తుగా దిబ్బ వేద్దాం. మట్టి మోసే పని మాది, తొక్కి గట్టిచేసే పని మీది. గడ్డి ఏపుగా పెరిగాక ఏటా కొన్ని మోపులు పంపండి. అది తిన్న బలంతో ఇంకో లంకకి మట్టి మోస్తాం."

"చల్లగా ఉండండి బాబూ! దిబ్బ ఎక్కడ?" అంది బుల్లెమ్మ.

"మన సలహాదారు చూసిపెట్టాడుగా!"

సలహాదారంటే నక్క జిత్తయ్య. లంకంతా కొలిచినట్టు నటించి, తన గుహ ముందున్న పల్లాన్నే చూపించాడు. దిబ్బ లేస్తే వాడి ఇల్లు మునగదు. పైగా వరదొస్తే కుందేళ్లన్నీ వాడి గుమ్మంలోకే వస్తాయి.

"ఇంతకి మించిన చోటు లేదయ్యగారూ," అన్నాడు చేతులు కట్టుకుని.

అతివినయం ధూర్తలక్షణమని బుల్లెమ్మకి తెలుసు. కానీ కాదంటే పెద్దాయన అలిగి వెళ్లిపోతే? ఈ ఏడాది పిల్లల గతేంటి? భయం దిగమింగి అంది:

"అలాగే బాబూ. మా లంకలో ఒక ఆచారముంది. ఇంటికి చోటు చూపినవాళ్లు తొలకరి వాన కురిసినంతసేపూ అక్కడ కూర్చోవాలి. తర్వాతే మట్టి."

"మంచి ఆచారం! కూర్చో జిత్తయ్యా," అన్నాడు కొండయ్య.

జిత్తయ్యకి కక్కలేక మింగలేక అయింది. మర్నాడే వాన పట్టుకుంది. నీళ్లు కాళ్లు ముంచాయి, పొట్ట ముంచాయి, మూతి దాకా వచ్చాయి.

"చచ్చాను బాబోయ్! ఇది వట్టి మడుగు!"

"తెలిసే చూపించావట్రా?" కొండయ్య తొండమెత్తాడు. జిత్తయ్య ఏట్లో దూకి అవతలి ఒడ్డుకి పడ్డాడు. మళ్లీ లంక మొహం చూడలేదు.

కొండయ్య చెవులు వాలిపోయాయి. "సాయం చేసే తొందరలో నిన్నే అడగలేదమ్మా. నువ్వే చెప్పు, దిబ్బ ఎక్కడ వేద్దాం?"

"ఇప్పుడడిగారుగా. అటు చూడండి." చీమలు గుడ్లు కరుచుకుని తుమ్మచెట్టు మొదలుకేసి ఎక్కుతున్నాయి. "చీమలు చేరిన చోటే మేం బొరియలు తవ్వుతాం. లంకలో అదే మెరక. ఆ ఎత్తూ చాలకే మునుగుతున్నాం."

ఏనుగులు అక్కడే మట్టి పోశాయి. కుందేళ్లు పగలంతా తొక్కాయి.

ఆ ఏడూ వరదొచ్చింది. దిబ్బ మీద బుల్లెమ్మ కొత్త పిల్లలు నలుగురూ పొడిగా నిద్రపోతున్నారు. ఒక్కొక్కర్నీ తడిమి చూసుకుని బుల్లెమ్మ ఏడ్చేసింది.

మట్టి ఎవరు పోసినా, చోటు చూపాల్సింది ఆ నేల మీద మునిగినవాళ్లే.