పాక లేని పాకమ్మ

నూగుమెట్ట మీద వెలసిన పాకమ్మ తల్లికి గుడి లేదు. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు, కనీసం తాటాకు పందిరి కూడా లేదు. బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆటో కూడా ఇక నావల్ల కాదని ఆగిన చోటు నుంచి రెండు మైళ్ళు చలిగాలిలో నడిచి వచ్చే భక్తులు మొదట వెతికేది గుడినే. వారికి కనిపించేది సన్నగా పారే ఊటగెడ్డ పక్కన మూడు చెట్లు, వాటి నడుమ మోకాలెత్తు నల్లరాయి, రాయి పక్కన పిడి లేని ఒక తుప్పు గొడ్డలి. అమ్మ ఎండకు ఎండుతుంది, వానకు తడుస్తుంది, మాఘమాసపు మంచుకు తెల్లబడుతుంది. స్లాబు వేయిస్తామని వచ్చిన దాతలు చాలామందే ఉన్నారు. అందరికీ కడుపునిండా చోడంబలి, అంటే రాగి అంబలి, పోసి, మర్యాదగా కొండ దింపాము.

ఇక్కడి తీర్థం కూడా వేరు. ఊటనీటిలో నూగుపండ్ల పాకం కలిపి దొప్పలో పోస్తారు. నూగుపండు అంటే పట్నంలో పీచ్ పండు అని అట్టపెట్టెల్లో పెట్టి అమ్మేదే. ఇతర క్షేత్రాల్లో తీర్థం పుచ్చుకొని కళ్ళకద్దుకొని పక్కకు తప్పుకోవడం మర్యాద. ఇక్కడ అలా తప్పుకుంటే అపచారం. దొప్ప ఖాళీ చేసి, నోరు తెరిచి, "ఇంకొంచెం" అని అడగాలి. సిగ్గుపడి అడగనివారిని, అడిగేదాకా వరుస కదలనివ్వరు. జిల్లా అధికారులు వచ్చినా ఇదే పద్ధతి.

పాకమ్మ అన్న పేరు మీద పెద్దలు రకరకాలుగా రాశారు. పూర్వం ఇక్కడ పాక ఉండేదని, అది కాలగర్భంలో కలిసిందని ఒకరు రాస్తే, ఇది ఏదో సంస్కృత నామానికి వికృతి అని మరొకరు రాశారు. వారి పాండిత్యానికి నమస్కారం. పాక ఉన్న మాట నిజమే. ఒకటి కాదు, రెండుసార్లు కట్టారు, రెండుసార్లూ కూలింది. అది ఎందుకు కూలిందో, ఎవరు తప్పు విన్నారో, ఎవరు సరిగ్గా విన్నారో తెలిస్తే గాని ఈ పేరు అర్థం కాదు.

పూర్వం ఇక్కడ ముప్పై గడపల ఊరు ఉండేది. కొండ మీద చెరకు లేదు, గానుగ లేదు, బెల్లం వండే పొయ్యి లేదు. తీపి కావాలంటే తేనెపట్టు కొట్టి అక్కడికక్కడ తినడమే. కాబట్టి ఊరివారికి నూరు రకాల గాలివానలకు నూరు పేర్లు తెలుసును గాని, పాకం అన్న మాట మాత్రం తెలియదు. ఈ సంగతి భక్తులు గుర్తుంచుకోవాలి. కథంతా దీని మీదే నిలబడి ఉన్నది.

ఆ ఊరికి కొండ దిగువనున్న చెరకువలస నుంచి రాజులమ్మ అనే కోడలు వచ్చింది. ఆమె తండ్రి బెల్లం వండేవాడు. ఒక వేసవిలో, ఉత్తరాన మంచుకొండల నుంచి జగన్నాథానికి వెళుతూ దారి తప్పిన బైరాగి ఒకడు అతని గానుగ దగ్గర ఆగి, కడుపారా చెరకురసం తాగాడు. తన జోలెలోంచి ముడతలు పడిన మూడు టెంకలు తీసి ఇచ్చి, ఇవి వేడి నేలలో బతకవు, చలికొండ మీద పెట్టండి అని చెప్పి వెళ్ళాడు. కూతుర్ని కొండ మీదకి ఇచ్చినప్పుడు తండ్రి ఆ మూడు టెంకలూ ఆమె కొంగున కట్టి, ఒక బెల్లందిమ్మ చేతికిచ్చి పంపాడు.

రాజులమ్మ టెంకలను ఊటగెడ్డ పక్కన, తన పెరటి చివర, ఒక నల్లరాయి చుట్టూ పాతిపెట్టింది. మూడూ మొలిచాయి. నాలుగో ఏట కాసిని పిందెలు పట్టాయి. పండ్లకు ఒళ్ళంతా సన్నని నూగు. తుడవకుండా కొరికిన మగవారికి పెదవులు దురద పెట్టాయి. ఆపైన పండ్లన్నీ ఒక్కసారే మాగి, నాలుగు రోజుల్లో కుళ్ళి ఈగలు ముసిరాయి. "కోతి కూడా ముట్టని పండు తెచ్చిందమ్మా కోడలు" అని ఊరు నవ్వింది. రాజులమ్మకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు కూడా అందరి ఎదుటే చెట్లకు నీళ్ళు పోసింది.

అయిదో ఏడు వైశాఖంలో ఊరికి జ్వరం వచ్చింది. పెద్దలు లేచి తిరిగారు గాని, పిల్లలకు జ్వరం తగ్గినా నోరు చేదు తగ్గలేదు. అంబలి పెడితే ఉమ్మేసేవారు. తేనె నాకిస్తే కక్కేవారు. ముహూర్తాలు చూసి, మందులిచ్చి, దేవతలతో మాట్లాడే దిసారి సింగన్న మనవరాలు నూకాలు ఆరు రోజులుగా ఏమీ ముట్టలేదు. ఆరేళ్ళ పిల్ల మంచానికి అంటుకుపోయింది.

ఒక తెల్లవారుజామున సింగన్నకు కల వచ్చింది. ఊటగెడ్డ పక్కనున్న నల్లరాయి మాట్లాడింది. సింగన్న లేచి ఊరిని పిలిచి, అమ్మవారు తనకు పాక కట్టమన్నదని చెప్పాడు. ఊరికి తల ఊరిపొలిమేర కదా అని, అక్కడ పాక వేసి రాయిని తెద్దామన్నారు. పాక వేసిన సాయంత్రమే సుడిగాలి కప్పును ఎగరేసుకుపోయింది. కళ్ళంలో మరో పాక వేశారు. ఈసారి గాలి కూడా లేదు. దూలం దానంతటదే విరిగింది. సింగన్న గడ్డం నిమురుకొని, అమ్మోరు తన చోటు వదలనంటోందని తేల్చాడు. రాయి ఉన్నచోటే పాక పడాలి. అందుకు చోటు కావాలంటే మూడు చెట్లూ కొట్టాలి.

సరిగ్గా ఆ ఏడే చెట్లు విరగకాశాయి. కొమ్మలు నేలకు వంగి ఉన్నాయి. రాజులమ్మ భర్త కామయ్య మెత్తని మనిషి. "ఊరితో పంతం మనకెందుకే" అన్నాడు. గొడ్డలి భుజాన వేసుకొని సింగన్న వచ్చేసరికి, రాజులమ్మ మధ్య చెట్టుకు వీపు ఆనించి నిలబడి ఉన్నది. ఆ చెట్లు పోతే తన పుట్టింటిది ఏదీ ఈ కొండ మీద మిగలదని ఆమెకు తెలుసు. కాని ఏడ్చే మనిషి కాదు, అడిగే మనిషి.

"దిసారి మావా, అమ్మోరు ఏ మాటన్నాదో ఆ మాటే సెప్పు. నీ మాటొద్దు, ఆవిడ మాట."

"సెప్పినాను గదా. పాక కట్టమన్నాది."

"కట్టమన్నాదా? నీ సెవులతో ఇన్నావా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి సింగన్న. అయినా అబద్ధమాడడు. గొడ్డలిని ఒక భుజం మీంచి మరో భుజానికి మార్చుకున్నాడు.

"కచ్చితంగా అంటే, పట్టండి అన్నాది. 'పాకం పట్టండి, పిల్లల నోరు తీపవుద్ది' అన్నాది. పాక పట్టడమేటి, కట్టడం గాని? అమ్మోరికి మాట తడబడినాదేమో అని నానే సరిజేసినాను."

అమ్మవారి తెలుగును దిద్దిన మొనగాడు ఈ కొండ మీద అతనొక్కడే. ఆ తరువాత మరెవరూ ఆ సాహసం చేయలేదు. రాజులమ్మకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

"మావా, అది పాక కాదు. పాకం. తీపిని పొయ్యి మీద మరగబెట్టి తీసేది. మా అయ్య పెనం కాడ పుట్టినదాన్ని నాను. పాకమంటే ఏటో నన్నడుగు."

"నీ సెట్లు కాసుకోడానికి కొత్త మాట పుట్టించినావేమో. నాకెలగ తెలుస్తాది?"

"పిల్లల నోరు తీపవుద్ది అన్నాది గదా. నీ మనవరాలి నోరే సాచ్చీకం. పొద్దు గుంకేలోగా పాకం పడతాను. నూకాలు తాగకపోతే, నా సేత్తో నానే సెట్లు కొట్టి నీ పాకకి రాటలు పాతుతాను."

సింగన్న ఒప్పుకున్నాడు. గొడ్డలిని మాత్రం చెట్టు మొదట్లోనే దించి, దాని పక్కనే కూర్చున్నాడు.

ఇక అక్కడి నుంచి రాజులమ్మ చేసినదంతా ఈనాటికీ మా ఆడవారు మాట మార్చకుండా చేస్తున్నారు. ఆమె పండ్లు కోసి, తడిగుడ్డతో నూగు తుడిచింది. మరిగే నీళ్ళలో ముంచి తీస్తే తొక్క దానంతటదే ఊడి వచ్చింది. టెంకలు తీసి పక్కన పెట్టింది. ఎర్రగా ఉన్న తొక్కలను మాత్రం పారేయలేదు, రంగు కోసం ముక్కలతోపాటే కుండలో వేసి, కాసిని ఊటనీళ్ళు పోసి, మెత్తగా ఉడికించింది. ఉడికినదాన్ని పలచని గుడ్డలో మూటగట్టి కొమ్మకు వేలాడదీసి, కింద కుండ పెట్టింది. రసం బొట్టు బొట్టుగా దిగసాగింది.

బొట్టు బొట్టుగానే దిగింది. పొద్దు మాత్రం పరుగున దిగింది. ఊరంతా చుట్టూ చేరి ఒకసారి కుండలోకి, ఒకసారి పడమటికి చూస్తున్నది. కామయ్య ఉండబట్టలేక లేచి, మూటను రెండు చేతులా పట్టుకున్నాడు.

"పిండేద్దునా?"

రాజులమ్మ అతని చెయ్యి మీద ఒక్కటి వేసింది. "పిండకు. పిండితే మడ్డి దిగుద్ది. మడ్డి దిగితే పాకం మసకేస్తాది, పసిపిల్ల నోటికి వగరు తగులుద్ది."

అన్నదే గాని, ఆమె చేతులు కూడా ఆ మూట మీదకే పోతున్నాయి. కొంగులో బిగించి కట్టుకున్నట్టు రెండు చేతులూ నడుం దగ్గర ముడుచుకొని కూర్చున్నది. గొడ్డలి ఎదురుగా ఉన్నది, పిల్ల గుడిసెలో ఉన్నది, చెట్లు తల మీద ఉన్నాయి. అయినా మూట ముట్టలేదు. తీర్థం పుచ్చుకొనే ప్రతి భక్తుడూ ఈ ఓర్పును తలుచుకోవాలని మా పెద్దల మాట.

చివరి బొట్టు పడ్డాక, తండ్రి ఇచ్చిన బెల్లందిమ్మలో మిగిలిన సగాన్ని కొట్టి రసంలో వేసి పొయ్యి మీద పెట్టింది. ఒక నిమ్మబద్ద పిండి, పాకం గట్టిపడి పలుకులు కట్టకుండా చూసుకున్నది. నురగ తీసింది. కట్టెలు వెనక్కి లాగి, చుక్క తీసి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ సాగదీసింది. లేత తీగ వచ్చి, వెంటనే తెగింది. చాలు, దించేయాలి. కొండగాలిలోకి బెల్లం వాసన, పండు వాసన కలిసి ఎగిశాయి. నిరుడు ఆ పండును చూసి నవ్విన ఊరు ఒక్కసారిగా కుండ మీదకి వంగింది.

మొదటి గరిటె నల్లరాయి మీద పోసింది. రెండో గరిటెను ఊటనీటిలో కలిపి దొప్పలో పోసి సింగన్న చేతికి ఇచ్చింది. నూకాలును గుడిసెలోంచి చెట్ల కిందికి ఎత్తుకొచ్చారు. ఆ ముసలాయనే మనవరాలి తల ఒడిలో పెట్టుకొని, పెదవులకు దొప్ప ఆనించాడు. నూకాలు మొహం తిప్పుకున్నది. దొప్ప పక్కకు ఒరిగి రెండు చుక్కలు పిల్ల పెదవి మీద ఒలికాయి. సింగన్న దొప్ప దించేశాడు. రాజులమ్మ చెట్ల వైపు ఒక్కసారి చూసి, గొడ్డలి కోసం చెయ్యి చాచింది. మాట మాటే కదా.

అప్పుడు పిల్ల నాలుక బయటికి వచ్చి, పెదవి మీది చుక్కను తడిమింది. కళ్ళు తెరిచింది.

"తాతా," అన్నది నూకాలు. "ఇంకొంచెం."

సింగన్న అందరి ఎదుటా బావురుమన్నాడు. పిల్ల ఆ దొప్పా, ఇంకో దొప్పా తాగి, చోడంబలి కావాలని అడిగింది. ఆ సాయంత్రం ప్రతి ఇంటికీ దొప్పలు వెళ్ళాయి. సింగన్న రాయి ముందు సాగిలపడి, "అమ్మా, తప్పు ఇన్నాను" అన్నాడు. గొడ్డలి పిడి ఊడదీసి గెడ్డలో పారేసి, ఇనుమును రాయి పక్కన పాతాడు. దాన్ని అమ్మవారి ఆయుధమనుకొని దండం పెట్టే భక్తులను మేము వారించము. కాని అది ఆయుధం కాదు, ఒక మనిషి ఒప్పుకొన్న తప్పు. ఈ కొండకు అది కిరీటం కంటే ఎక్కువ.

రాజులమ్మ మిగిలిన పాకాన్ని ఎండిన ఆనపబుర్రల్లో పోసి మూతి బిగించింది. కోతి ముట్టని పండు కార్తీకం దాకా ఊరందరి నోటా నిలిచింది. టెంకలు ఇంటికొకటి పంచింది. నేడు ఈ మెట్ట మీద నూగుపండు చెట్టు లేని పెరడు లేదు. రాయి చుట్టూ ఉన్నవి ఆమె చెట్ల మనుమల మనుమలు. ఒకటి ముసలిదైతే దాని టెంకే దాని చోట పాతుతాము.

ఇంటిలో పట్టుకొనదలచిన భక్తులు పైన చెప్పిన విధంగానే పట్టుకొనవచ్చును. బెల్లం దొరకకపోతే పంచదార వేసినా అమ్మ కోపించదు. పాకాన్ని చల్లని నీళ్ళలో కలుపుకోవచ్చు, అట్ల మీద పోసుకోవచ్చు, పేలాల పిండిలో కలిపి ఉండలు చేసుకోవచ్చు. జ్వరపడి లేచిన వారికి తప్పక ఇవ్వాలి. గుడ్డ మాత్రం పిండరాదు.

ఏటా వైశాఖమాసం చివరి గురువారం నాడు పాకం పండుగ. ఆనాడు దిసారి సింగన్న వంశంలో పెద్ద లేచి, ఎంత చదువుకున్నవాడైనా, ఎంత ఉద్యోగంలో ఉన్నా, వచ్చిన వేలమంది ఎదుట "మా పెద్ద తప్పు విన్నాడు" అని బిగ్గరగా చెప్పాలి. వారు తల ఎత్తుకొనే చెబుతారు. రాజులమ్మ ఇంటి ఆడవారు, "మా అమ్మ సరిగ్గా విన్నది" అని బదులిస్తారు. వీరికీ తల దించే అలవాటు లేదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడి అమ్మ అడిగించుకోవడానికే గాలికీ వానకూ కూర్చున్నది. తొలి దొప్ప ప్రతి ఏడూ ఈ ఊరి పసిబిడ్డ ఒకరికి ఇస్తారు. పెద్దలు, అధికారులు, ముడుపులు తెచ్చినవారు అందరూ చేతుల్లో దొప్పలు పట్టుకొని నిలబడి ఉంటారు. బిడ్డ తాగి, పెదవులు నాకి, ఆ ఒక్క మాట అనేదాకా కొండ మీద ఎవరూ గుక్క తాగరు.