మొదటి కుంచం

అనగనగా, వానలు వరసగా రెండేళ్ళు ముఖం చాటేసిన కాలంలో, ఎర్రగట్టు అనే చిన్న రాజ్యం ఉండేది. దానికి రాజు మల్లభూపతి. ఆయన ధాన్యాగారంలో గింజలు కొలిచే ముసలివాడు గవరయ్య.

గవరయ్య నలభై ఏళ్ళుగా కొలుస్తున్నాడు. వంగి కుంచం నింపడం, లేచి గుమ్మరించడం, మళ్ళీ వంగడం. కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది లెక్క. రోజుకు ఎన్నిసార్లు లాభం అన్నా గవరయ్యకు ఒరిగింది మాత్రం నడుంనొప్పే. ఇక ఈ కుంచం దించేసి, కూతురి ఊరు వెళ్ళి కాళ్ళు చాపుకుని పడుకుంటే చాలని అతని కోరిక.

కోటగోడ కట్టే కూలీలకు రెండు పూటలా రాజుగారే తిండి పెట్టేవారు. అందుకు రెండు వంటశాలలు. ఒకదాంట్లో విస్సన్న కూరగాయలు వండేవాడు. రెండోదాంట్లో గంగన్న మాంసం వండేవాడు. కరువు ముదిరి గాదెలు అడుగంటుతుంటే రాజు గవరయ్యను పిలిచాడు.

"గవరయ్యా, ఈ రెండు తిళ్ళలో ఏది ఖరీదో మూడు రోజుల్లో తేల్చు. ఖరీదైనదాన్ని మూసేస్తాను. నిజం చెప్పావా, ఆ రోజే కుంచం దించి ఇంటికి పోవచ్చు. అబద్ధం చెప్పావా, ప్రాణం ఉన్నంతకాలం కొలుస్తూనే ఉండాలి."

గవరయ్య దండం పెట్టి, నడుము పట్టుకుని బయటికొచ్చాడు.

మొదటి రోజు విస్సన్న దగ్గరికి వెళ్ళాడు. విస్సన్న పీట వేసి మజ్జిగ ఇచ్చాడు.

"ఇందులో తేల్చడానికి ఏముంది బాబాయ్? వంకాయ మన తోటదే, బీరకాయ మన తోటదే. సంతలో కొనేది ఉప్పూ చింతపండే. మాది కారుచౌక. ఆ మాట చెప్పేసి హాయిగా ఇంటికి పో."

గవరయ్యకు ఆ మాట మజ్జిగకన్నా చల్లగా తగిలింది. కానీ దారిలో తోట పడింది. తోటలో మోట బావి. తోలుబొక్కెనతో నీళ్ళు లాగే ముసలి ఎద్దు ఒకటి మెడ వాల్చి నిలబడి ఉంది. ఆ రోజుల్లో పశువులు మాట్లాడేవి, మనుషులు వినేవాళ్ళు.

"అలిసిపోయావా?" అన్నాడు గవరయ్య.

"అలిసిపోయాను. నువ్వో?"

"నేనూ అంతే."

గవరయ్య బావి గట్టుమీద చతికిలబడ్డాడు. తర్వాత ఎద్దు అంది: "నీళ్ళు అడుక్కి పోయాయి గవరయ్యా. ఒకప్పుడు రెండు జతలం లాగితే చాలేది, ఇప్పుడు ఎనిమిది జతలం లాగుతున్నాం. మండుటెండలో వంకాయ ఊరికే కాస్తుందా? మేం తినే ఉలవలు ఎవరి లెక్కలో రాశారు?"

"అవి మన గాదెలోవే కదా" అన్నాడు గవరయ్య.

"మన గాదెలోవైతే గింజలు కావా?" అంది ఎద్దు.

రెండో రోజు గంగన్న దగ్గరికి వెళ్ళాడు. గంగన్న గిన్నెడు పులుసు ముందు పెట్టాడు.

"మామా, మేకలు మన మందలోవే. సంతలో కొనేది మసాలా దినుసులే. పైగా రాళ్ళు మోసేవాడికి నాలుగు ముక్కలు పడకపోతే రాయి లేవదు. మాదే చౌక అని చెప్పెయ్. రేపే మీ అమ్మాయి దగ్గర ఉంటావు."

పులుసు బాగుంది. కానీ వాకిట్లో రాటకు కట్టేసిన మేకపోతు పిలిచింది. బాగా బలిసి ఉంది.

"మా అమ్మ గుట్టమీద తుమ్మకాయలూ రేగాకులూ తిని పెరిగింది, గవరయ్యా. అవి మనుషులు తినేవి కావు, ఎవరికీ నష్టం లేదు. నన్నేమో కొవ్వు పట్టాలని కట్టేసి ఉలవలూ జొన్నలూ మేపుతున్నారు. ఈ మర్యాద దేనికో నాకు తెలుసులే. నన్ను కోస్తే పాతికమందికి ఒక పూట కూర. నేను తిన్న గింజలే ఉడకేసి ఉంటే ఆ పాతికమందికి పది పూటలు గడిచేవి."

గవరయ్య ఇంటికి పోయాడు.

మూడో రోజు ఎప్పటిలాగే ధాన్యాగారంలో కుంచం పట్టాడు. ముందు ఎడ్లకు ఉలవలు, తర్వాత మేకలకు ఉలవలూ జొన్నలూ. "లాభం" అన్నాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

విస్సన్న లెక్కలో ఈ గింజలు లేవు. గంగన్న లెక్కలోనూ లేవు. ఉన్నదల్లా తన చేతిలోనే. రోజూ తనే కొలిచి పోశాడు, ఇంటివే కదా అని ఎవరికీ చెప్పలేదు. నిజం చెప్పాలంటే ముందు తన తప్పే చెప్పాలి. చెబితే రాజు పంపుతాడో, చచ్చేదాకా కొలవమంటాడో. ఏదో ఒక వంటశాల పేరు చెప్పేస్తే సగం నిజమైనా అవుతుంది, ఇంటికీ పోవచ్చు. గవరయ్యకు ఏడుపొచ్చింది. అంత అలసటగా ఉంది అతనికి.

మర్నాడు కొలువులో రాజు అడిగాడు. గవరయ్య చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, గింజకు గింజ చూస్తే, కట్టేసి మేపిన మేక మాంసమే ఎక్కువ ఖరీదు. అలాగని ఈ ఎండల్లో వంకాయా చౌక కాదు. రెండూ మన గాదెనే తింటున్నాయి. కొలిచి పోసింది ఈ చేతులే. నేను చెప్పకపోబట్టే ఎవరికీ తెలియలేదు."

"మరి ఏం చేయమంటావు?"

"మేకల్ని గుట్టకు తోలండి, వారానికోసారి సంతరోజున మాత్రమే కోయండి. వంగతోట ఆపి ఎడ్లను కాస్త పడుకోనివ్వండి. కంచె పొడుగునా మునగాకు ఉంది. మునగాకు కూర, ఉలవచారు పెడితే వాన పడేదాకా గాదె నిలుస్తుంది."

"వారానికి ఒక్కరోజేనా?" అని గంగన్న గొణిగాడు. "వంకాయ లేని వంటేమిటి?" అని విస్సన్న గొణిగాడు. ఇద్దరూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు.

రాజు ముసలివాణ్ణి దగ్గరికి పిలిచాడు. "తప్పు దాచి ఉంటే ఈపాటికి ఇంటికి పోయేవాడివి కదయ్యా?"

"పోయేవాణ్ణే ప్రభూ. కుంచం మోసి మోసి నడుము విరిగింది. దానిమీద అబద్ధం కూడా మోసే ఓపిక లేదు."

రాజు గొంతు మెత్తబడింది. "ఈ పూట గింజలు అందరి ఎదుటా కొలిచి, వెళ్ళు గవరయ్యా."

గవరయ్య వంగి కుంచం నింపాడు. ఎత్తి గుమ్మరించాడు. నలభై ఏళ్ళలో మొదటిసారి "లాభం" అనకుండా "ఒకటి" అన్నాడు.

కొలత ముగించి కుంచం బోర్లించి, కూతురి ఊరు వెళ్ళి రెండు రోజులు లేవకుండా నిద్రపోయాడు. వానలు పడేనాటికి ఎర్రగట్టు గాదెలో ఇంకా గింజలున్నాయి.

పిల్లలూ, ఏ తిండికైనా సంతలో ఇచ్చిన ధర సగం ధరే. ఇంటిదే కదా అని లెక్కకు రానిదే అన్నిటికన్నా ఖరీదు.