బాకా విన్న గుర్రం

పూర్వం ఆస్ట్రియా సైన్యంలో రోడెన్‌స్టర్న్ ప్రభువని ఒక సేనాని ఉండేవాడు. గొప్పింటి బిడ్డ కావడంతో మీసాలు రాకముందే దళపతి అయ్యాడు. ఒకనాడు కవాతు మైదానంలో గుర్రమెక్కి రాణి ముందుకొచ్చాడు.

"పదకొండు యుద్ధాల్లోనూ ముందు వరసలో నిలిచింది నేనే, మహారాణీ! శౌర్యపతకం ఇప్పించండి."

గుర్రాలకు నాడాలు కొట్టే వెంజెల్ ఫక్కున నవ్వాడు.

"వీణ్ణి కొరడాతో బాదండి!" అని అరిచాడు సేనాని.

"ఆగండి. ఎందుకు నవ్వావోయ్?" రాణికి కుతూహలం కలిగింది.

"నేను యుద్ధం చూడలేదు తల్లీ. ఆ గుర్రం చూసింది. కళ్లెం వదిలించి, యుద్ధబాకా ఊదించండి. అదే చెబుతుంది."

గుర్రమేం చెబుతుందిలే అని సేనాని దర్జాగా కళ్లెం వదిలేశాడు. బాకా మోగింది. గుర్రం చెవులు రిక్కించి, గిర్రున వెనక్కి తిరిగి, సైన్యాన్నంతా దాటుకుంటూ పరుగెత్తి వంటవాళ్ల గుడారంలో తల దూర్చింది.

"దాని తప్పేం లేదు తల్లీ," అన్నాడు వెంజెల్. "పదకొండుసార్లు వెళ్లిన దారి!"