గొంతు దాటని తేనె

అనగనగా, కొండమీది తేనెటీగలకు ఇంకా మాటలు వచ్చే రోజుల్లో, ఒక లోయ ఉండేది. చుట్టూ కొండలు, నడుమ వాగు, వాగు పక్కన నాలుగు గుడిసెలు. ఆ ఊరి పేరు వాగొడ్డుపల్లె. గాలి ఆ ఊళ్ళోకి దిగిందంటే ఒక పట్టాన బయటికి పోయేది కాదు. అడవి పూసిన రోజుల్లో ఊరంతా పూలవాసన. ఆ సుఖం అనుభవించిన వాళ్ళకే తెలియాలి.

ఆ ఊళ్ళో బయన్న అని ఒక తేనె తీసేవాడు. తాడు పట్టుకుని కొండ అంచున వేలాడాడంటే కోతులు కూడా అతని దగ్గర నేర్చుకోవాల్సిందే. భార్య పురిట్లోనే పోయింది. మిగిలింది ఒక్కతే కూతురు, గవిరి. కూతురంటే ప్రాణం అని అందరు తండ్రుల గురించీ అంటాం గానీ, బయన్న సంగతి వేరు. పిల్ల తుమ్మితే చాలు, ఆ పూట పని మానేసేవాడు.

కొండమీద అతని తాడు పట్టేది గురవడు. బయన్నకు బావమరిది. తాడు బావమరిది చేతిలోనే ఉండాలని ఆ కొండజనం ఆచారం. అన్నదమ్ముడైతే ఏ గొడవ మనసులో పెట్టుకుని పట్టు సడలిస్తాడో తెలియదు, బావమరిది మాత్రం తన అక్క పసుపుకుంకుమల కోసమైనా గట్టిగా పడతాడని పెద్దల ఆలోచన. అక్క పోయాక కూడా గురవడు తాడు వదల్లేదు. మేనకోడలి ముఖం చూసి పట్టేవాడు.

పెద్దలది ఇంకో కట్టడి కూడా ఉంది. తొలకరి పడి అడవిలో ఆకు తడిశాకే తేనెపట్టు ముట్టాలి. ఎందుకో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పెద్దల మాట చద్దిమూట అంటారు కదా. వీళ్ళు మూట మోశారు గానీ విప్పి చూసుకోలేదు.

ఒక ఏడు ఎండలు ముదరకముందే గవిరికి దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గే. పిల్లలన్నాక దగ్గకుండా ఉంటారా ఏమిటి? కానీ బయన్నకు కాలు నిలవలేదు. దగ్గుకు తేనెను మించిన మందు లేదని అతని నమ్మకం. ఇంట్లో చూస్తే తేనె పోసే సొరబుర్ర ఖాళీ.

"తొలకరి దాకా ఆగు బావా. ఈలోగా మిరియాల కషాయం పోద్దాం," అన్నాడు గురవడు.

"పిల్ల దగ్గుతుంటే నన్ను మబ్బుకేసి చూస్తూ కూర్చోమంటావా?" అన్నాడు బయన్న.

ఇద్దరూ కొండెక్కారు. ఎండుగడ్డి చుట్టూ పచ్చాకు కట్టి కాగడా ముట్టించుకుని, బయన్న అవతలి వైపు అంచున తాడు మీద దిగాడు. పొగ పెట్టి పట్టు కోశాడు. ఈగలు కోపంతో లేచాయి. అప్పుడు అతను తేనె తీసేవాళ్ళందరూ చేసే పనే చేశాడు. కాగడాను బండకేసి కొట్టి కిందికి వదిలేశాడు. నిప్పురవ్వలు లోతుకు జారుతుంటే ఈగల గుంపు వాటి వెంటపడి దిగిపోయింది. బయన్న ఒంటిమీద ఒక్క కాటు లేదు.

పైకి ఎక్కుతుంటే, మిగిలిన పట్టు మీంచి ఒక ముసలి ఈగ పలకరించింది.

"ఏం పట్టుకుపోతున్నావయ్యా?"

"మా పిల్లకి మందు."

"ఏం వదిలిపోతున్నావు?"

"మీకు సగం పట్టు వదిలాగా, చాలదా?" అని నవ్వి వెళ్ళిపోయాడు బయన్న.

కొండ అవతల, ఎండుటాకుల కింద, ఆ కాగడా కొస చడీచప్పుడూ లేకుండా రగులుతూనే ఉంది. రెండు మూడు రోజులకు గాలి తగిలి భగ్గుమంది. ఆ వేళకు బయన్న ఇంట్లో కూతురికి వేలితో తేనె నాకిస్తున్నాడు.

మంట ఊరిదాకా రాలేదు, వాగు అడ్డం ఉంది. పొగకు వాగేం అడ్డం? కొండ దిగి వచ్చి ఊళ్ళో కూర్చుంది. తెల్లవారితే ఎదురింటి గడప కనిపించదు. కళ్ళు మంటలు, గొంతు గరగర. ముసలివాళ్ళు గోడకు చేరగిలబడి ఆయాసపడ్డారు. వాళ్ళలో ఒకరిద్దరు ఆ గోడ దగ్గరే పోయారు. గవిరి దగ్గు రెండింతలైంది. తేనె నాకిస్తే కాసేపు తెరిపిగా ఉండేది. అది చూసి బయన్న మురిసిపోయాడు. వానలు వచ్చాయి, మంట ఆరింది, పొగ పోయింది. పిల్ల దగ్గు మాత్రం పోలేదు. అంతకుముందు మేకపిల్లల వెంట పరిగెత్తే పిల్ల, ఇప్పుడు నడుస్తూ నడుస్తూ దారి మధ్యలో కూర్చునేది.

మరుసటి ఏడు ఎండాకాలం వచ్చింది. గవిరి దగ్గు మళ్ళీ ముదిరింది. బయన్న మళ్ళీ కొండెక్కాడు, మళ్ళీ కాగడా వదిలాడు. ముసలి ఈగ మళ్ళీ అడిగింది, "ఏం వదిలిపోతున్నావు?"

"ఏమీ వదల్లేదు, అడ్డు తప్పుకో," అని విసుక్కున్నాడు బయన్న.

మళ్ళీ మంట లేచింది, మళ్ళీ పొగ దిగింది. ఈసారి ఊరు ఊరుకోలేదు. అడవికి నిప్పు పెట్టిన చెయ్యి ఎవరిదని వెతికింది. కొండకింద మేకలు మేపుకునే ఓబయ్య కనిపించాడు. అతనికి ఇల్లూ వాకిలీ లేవు, పెళ్ళాంపిల్లలు లేరు. ఉన్నవి మేకలు, నోట్లో ఒక చుట్ట. రోజూ పొద్దున్నే వచ్చి గవిరికి ముంతెడు మేకపాలు పోసి పోయేవాడు.

"నిప్పు లేనిదే పొగ రాదు. ఈ అడవిలో నిప్పు నోట్లో పెట్టుకు తిరిగేది నువ్వే కదా," అన్నాడు ఊరిపెద్ద.

"చుట్ట కాల్చేది వాగులో కాళ్ళు పెట్టుకునయ్యా. కొస నీళ్ళలోనే పారేస్తాను," అన్నాడు ఓబయ్య.

అందరికంటే గట్టిగా అరిచింది బయన్న. "నా బిడ్డకు పాలు పోసిన చేత్తోనే ఊపిరి తీస్తున్నావు. మా ఊరి పొలిమేరలో కనబడ్డావంటే చూడు."

ఓబయ్య అందరి మాటలకూ జవాబు చెప్పాడు గానీ, బయన్న మాటకు చెప్పలేదు. పిల్ల జబ్బుతో ఉన్న తండ్రితో ఏం వాదిస్తాడు? ఆ పూట పాలు కూడా గవిరి ముంతలో పోసి, మేకలను తోలుకుని కొండలు దాటి వెళ్ళిపోయాడు. ఊరు గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకుంది.

చలికాలంలో కోట నుంచి ఒక వైద్యుడు ఆ దారిన పోతూ ఊళ్ళో ఆగాడు. గవిరి వీపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"తేనె మంచిదే నాయనా, కాదనను. కానీ అది గొంతును తడుపుతుంది, అంతే. ఊపిరితిత్తుల్లోకి పోదు. పొగ పోతుంది. పొగలో కంటికి కనపడని నుసి ఉంటుంది. ముక్కు దాన్ని ఆపలేదు, కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగదు. అడుగుదాకా దిగి అక్కడే పాతుకుపోతుంది. ముసలివాళ్ళకు అది గుండెను పట్టుకుంటుంది. పసివాళ్ళవి ఇంకా ఎదిగే ఊపిరితిత్తులు, ఎదగకుండానే ముడుచుకుపోతాయి."

"మరి మందేమిటి సామీ?"

"మంచి గాలి. ఎండలు రాకముందే పిల్లను కొండల అవతలికి తీసుకుపో. ఇంకో వేసవి పొగ ఈ పిల్ల తట్టుకోలేదు."

బయన్న తల ఊపాడు. మూటాముల్లె సర్దాడు. కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు కదా. బయల్దేరే ముందు మనసు పీకింది. దారిలో దగ్గు తెర వస్తే పిల్లకు ఏం పెట్టాలి? సొరబుర్రలో చుక్క లేదు. అప్పటికే అడవి ఎండి గలగలమంటోంది.

"ఈ ఒక్కసారి గురవా. తేనె తెచ్చుకుని, తెల్లారి బయల్దేరిపోదాం," అన్నాడు.

గురవడు తాడు భుజాన వేసుకున్నాడు.

పట్టు కోయడం అయింది. కాగడా కిందికి పోయింది. ముసలి ఈగకు ఆ ఏడు రెక్కలు సరిగా ఆడటం లేదు, పొగ దాన్నీ వదల్లేదు. అయినా అడిగింది.

"ఏం పట్టుకుపోతున్నావు?"

"మందు."

"ఏం వదిలిపోతున్నావు?"

విసుగ్గా ఏదో అనబోయి, బయన్న మొదటిసారి కిందికి చూశాడు. కాగడా గడ్డిలో పడి ఉంది. దాని చుట్టూ మంట చాపలా పరుచుకుంటోంది. అదే చోట పోయినేటి మసి, దాని కింద ముందటేటి మసి. కాలిన చెట్ల మోళ్ళు ఆ ఒక్కచోటు నుంచే మొదలై కొండంతా ఎక్కి ఉన్నాయి.

"గురవా, కిందికి దించు," అని కేక పెట్టాడు. గురవడు దించాడు. తాడు సగంలోనే అయిపోయింది. పైకి లాక్కుని, ఇద్దరూ చుట్టుదారిన పరిగెత్తి దిగేసరికి మంట మనిషి ఎత్తు లేచింది. పచ్చి కొమ్మలు విరిచి చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టారు. లాభం లేకపోయింది. గాలి ఊరివైపు తిరిగింది. బయన్న కొమ్మ పారేసి ఇంటికి పరిగెత్తాడు.

అతనికంటే ముందే పొగ ఇల్లు చేరింది. గవిరి గోడకు ఆనుకుని, రెండు చేతులూ నేలకు ఆనించి, భుజాలు ఎగరేస్తూ ఊపిరి లాగుతోంది. పెదాలు నల్లబడ్డాయి. బయన్న పిల్లను భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. ఎటు పోతాడు? వాగు దగ్గర పొగ, పొలాల్లో పొగ, కొండదారిలో మంట. మళ్ళీ ఇంట్లోకే తెచ్చాడు. మొలకు కట్టుకున్న సొరబుర్రలోంచి, అప్పుడే కొండమీంచి తెచ్చిన తేనె తీసి నోటికి అందించాడు.

పిల్ల తల తిప్పుకుంది.

"ఒక్క చుక్క, నా తల్లి కదా."

"వద్దు నాయనా. మింగాలంటే ఊపిరి ఆపాలి. ఆపితే మళ్ళీ అందట్లేదు," అంది గవిరి.

అదే ఆ పిల్ల చివరిమాట. మర్నాడు పొద్దెక్కినా లోయలో వెలుగు రాలేదు. ఆ మసక వెలుతురులోనే గవిరి తండ్రి ఒళ్ళో ప్రాణం విడిచింది. తేనె ఆ పిల్ల పెదాల మీద అలాగే ఉంది.

పిల్లను మట్టి చేశాక ఊరు మళ్ళీ కూడింది. ఓబయ్య లేడు, మరి ఈ నిప్పు ఎవరిది? కట్టెలకు పోయే ఆడవాళ్ళ వైపు చూశారు కొందరు. అప్పుడు బయన్న లేచి నిలబడ్డాడు.

"ఎవరినీ చూడకండి. కాగడా నాది. మూడేళ్ళూ నాదే," అన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"తాడు పట్టింది నేను. కింద ఏం పడుతోందని ఒక్కసారీ అడగలేదు. నాకూ వాటా ఉంది," అన్నాడు గురవడు.

ఆ తండ్రికి ఇంకా ఏం శిక్ష వేస్తారు? ఒక ముసలమ్మ దగ్గుతూనే వచ్చి అతని తల నిమిరింది. ఆ రోజే ఊరంతా మాట అనుకున్నారు, తొలకరికి ముందు కొండమీదికి నిప్పు పోకూడదని. ఎందుకో కూడా పిల్లలకు విప్పి చెప్పాలని అనుకున్నారు. ఆ తరవాత ఆ లోయలో పొగ దిగలేదు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే అవి, నిజమే. అయినా ఆ వెనక పుట్టిన పిల్లల ఊపిరి నిలబడింది.

బయన్న మాత్రం ఊళ్ళో ఉండలేకపోయాడు. ఓబయ్యను వెతుక్కుంటూ కొండలు దాటి పోయాడు. ఎన్నో ఊళ్ళు తిరిగాక ఒక నీటిచెలమ దగ్గర మేకలతో ఓబయ్య కనిపించాడు. కాళ్ళమీద పడి తప్పు ఒప్పుకోవాలని దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాడు బయన్న.

అతన్ని చూడగానే ఓబయ్య ముఖం విప్పారింది. పాత మాట ఒక్కటీ ఎత్తలేదు. పక్కనున్న ముంత తీసి, నురగ కట్టిన పాలు నింపి చేతికిచ్చాడు.

"అంత దూరం నుంచి వచ్చావా బయన్నా? ఇవి గవిరికి పట్టుకుపో. దగ్గు తగ్గిందా పిల్లకి?" అన్నాడు.

బయన్న ముంత పట్టుకుని అక్కడే నేలమీద కూలబడ్డాడు. కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. పిల్ల ఇక లేదని ఓబయ్యకు అర్థమైంది. పక్కన కూర్చుని, అతనితోపాటు ఏడ్చాడు.

అందుకే పిల్లలూ, ఎంత ప్రేమతో పట్టుకెళ్ళిన నిప్పైనా ఆర్పకుండా వెనుదిరగకూడదు. అడవిని కాల్చిన మంట అడవిలోనే ఆరిపోతుంది గానీ, దాని పొగ వెతుక్కుంటూ వచ్చి మనవాళ్ళ ఊపిరినే కాలుస్తుంది.